తడిస్తే బిగుస్తుంది

కొండ కింది ఊరు, అద్దె గది
ఎండలు ముదిరిన వారం

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని కంగారుపడకు. ఎవరూ పోలేదు. ఫోన్లో నీకు సగం వినపడదు, ఆ వినపడని సగానికి కూడా "ఊఁ, అలాగే" అంటావు. కిందటిసారి మోకాలికి ఇంజెక్షన్ చేయించుకున్నానంటే "చాలా సంతోషం" అన్నావు. ఇప్పుడు చెప్పబోయేది "అలాగే" అనిపించుకుని వదిలేసే విషయం కాదు. కూర్చుని చదివి, కూర్చునే జవాబు రాయి.

రిటైరయ్యాక ఈ ఊళ్ళో ఎందుకు దిగానో నీకు సరిగ్గా చెప్పలేదు. గాలి బాగుంటుందన్నాను. గాలి మీ దగ్గరా బాగానే ఉంటుంది. అసలు సంగతి ఇది. మా కాన్పుల వార్డుకి తూర్పున పెద్ద కిటికీ ఉండేది. ఏటా చలి మొదలయ్యే రోజుల్లో ఆ కిటికీలోంచి పక్షులు బారులు తీరి వెళ్ళేవి. పెద్దవి, మెడలు ముందుకు చాపుకుని. ఎప్పుడు చూద్దామన్నా నా చేతిలో ఎవరి బిడ్డదో ఒక తలో కాలో ఉండేది. "సిస్టర్, చూడండి చూడండి" అని ఎవరో అరవడం, నేను తలెత్తేసరికి ఆఖరి పక్షి తోక కిటికీ దాటిపోవడం. సర్వీసంతా నేను తోకలే చూశాను.

అవి ఎక్కడ దిగుతాయో ఇప్పుడు తెలిసింది. కొండ కనుమ దాటాక, చెట్టు కూడా మొలవనంత ఎత్తున, ఒక సరస్సు ఉంది. అక్కడ కొన్నాళ్ళు దిగి, అలసట తీర్చుకుని, మళ్ళీ లేచిపోతాయట. అక్కడికి బండి పోదు. నడవాలి, దారిలో పడుకోవాలి, పడుకోవడానికి కావలసినవన్నీ మోయాలి. ఇక్కడి నడక సంఘం వాళ్ళు నలుగురు బయల్దేరుతున్నారు. నేను అయిదోదాన్ని.

డాక్టరు మాత్రం తేల్చి చెప్పాడు. "నడవండమ్మా, కాదనను. వీపు మీద బరువు ఒక ఏడాది పిల్లని దాటిందా, ఆ మోకాలికి నాది పూచీ కాదు." పిల్లల బరువు గురించి నాకు చెప్తున్నాడు! సరే, సామాన్ల కొట్టుకెళ్ళి అక్కడున్న డేరా ఎత్తి చూశాను. కవలలు. తిండి, దుప్పటి, నీళ్ళు, చలికోటు తీసేస్తే, గూడుకి నా లెక్కలో మిగిలేది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డంత బరువే.

లారీల మీద సరుకు తడవకుండా కాపాడటమే నీ వృత్తి. నీ పట్టా కింద సిమెంటు బస్తా ఒక్కటీ గడ్డకట్టలేదని చుట్టాలందరి దగ్గరా చెప్పుకున్నావు. నాకూ ఒకటి కుట్టు. డేరా వద్దు, ఒట్టి పరదా చాలు, ఒక మనిషి కింద పడుకునేంత. కొట్టావిడని బతిమాలి నాలుగు రకాల గుడ్డ ముక్కలు తెచ్చాను, ఈ కవర్లోనే ఉన్నాయి. ఏది పనికొస్తుందో చూడు. పక్షులు దిగేలోగా నా చేతికి రావాలి. ఈ ఏడు తప్పితే వచ్చే ఏటికి ఈ మోకాలు నా మాట వినదు.

నీ అక్క

మరదల్ని అడిగానని చెప్పు. చెప్పకపోతే నేను అడగలేదనుకుంటుంది.


టార్పాలిన్ కొట్టు, రేకుల షెడ్డు
మొదటి జల్లు పడిన మర్నాడు

అక్కా,

మేమంతా క్షేమం అని మొదలుపెట్టబోతే నీ మరదలు, "క్షేమమేంటి, నాకు నడుం నొప్పిగా ఉంటే" అంది. కాబట్టి ఆ వాక్యం తీసేశాను.

నీకు బుద్ధి చెబుతూ ముందు ఒక ఉత్తరం రాశాను. చలి గురించి, వయసు గురించి, జారే రాళ్ళ గురించి, నాకే ముచ్చటేసేంత బాగా వచ్చింది. నీ మరదలు చదివి, "మీ అక్కగారు పుట్టిన దగ్గర్నుంచి మీ మాట ఒక్కటైనా విన్నారా? స్టాంపు దండగ" అంది. చింపేశాను. ఇది రెండోది.

గుడ్డ సంగతికొస్తాను. కొంచెం తిరిగొస్తాను, ఓపిక పట్టు. మాకు ఒక లారీ డ్రైవరు ఖాతాదారు ఉండేవాడు, మీసాలాయన అనేవాళ్ళం. కొత్త పట్టా చూపిస్తే ఒక మూల పట్టుకుని పైకెత్తేవాడు. భుజం పీకిందా, కొనేవాడు. పీకకపోతే "ఇది పరదా కాదు, పెళ్ళికూతురి మేలిముసుగు" అని విసిరేసి పోయేవాడు. ఆ రోజుల్లో కాన్వాసు పట్టా మడిచి ఎత్తాలంటే ఇద్దరు కావాలి, తడిసిందంటే నలుగురు. బరువే కాపాడుతుందని ఆయన నమ్మకం. ఆయన నమ్మకమే నా వ్యాపారం. అలాంటివాడి ముందు నీ కవరు విప్పితే నాలుగు ముక్కలు రాలలేదక్కా, తేలుతూ దిగాయి.

మొదటిది నీలం ప్లాస్టిక్ షీటు. అది నాకు పాత శత్రువు. చలికి పెళుసెక్కుతుంది, మడత దగ్గర పగులుతుంది, గాలొస్తే ఆపకుండా వాగుతుంది. పక్కన పడేశాను. రెండోది పాలిస్టరు, పైన సిలికాన్ పూత. బుద్ధిమంతురాలు, లాగితే సాగదు. కాకపోతే నీకు కావలసిన కొలతకి కుడితే నెలలు నిండిన బిడ్డ అవుతుంది. మూడోది నైలాను, దానికీ సిలికాన్ పూతే, ఇంకా పల్చన. నాలుగోది అసలు గుడ్డే కాదు. నేత లేదు. రెండు పొరల మధ్య దారాలు పరిచి అతికించారు, నూనె కాగితంలా ఉంటుంది, అన్నిటికంటే తేలిక. హోల్‌సేల్ ఆయనకి నీ మరదలే ఫోన్ చేసి దాని ధర అడిగింది. కాసేపు విని, "ఉంటామండీ" అని పెట్టేసింది. ఎంతన్నాడే అంటే ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి నైలాను పట్టుకున్నాను. చెబితే నవ్వుతావు, మూడు రోజులుగా వేరే పని చేయలేదు. నోటికి ఆనించి ఊదాను. దవడలు పీకాయి గానీ ఊపిరి అవతలికి పోలేదు. గిన్నె మూతికి గుంటలా కట్టి చెంబెడు నీళ్ళు పోసి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కదపకుండా ఉంచాను. కింద చెయ్యి పెట్టి తడిమితే పొడి. మళ్ళీ తడిమాను. పొడి! ఉల్లిపొర లాంటి గుడ్డ అక్కా, అవతలున్న నా వేలి గీతలు కనపడుతున్నాయి, నీళ్ళు మాత్రం ఇవతలికి రావడంలేదు. తర్వాత చింపి చూశాను. వెలుతురుకి ఎత్తి పడితే అందులో సన్నని గళ్ళు కనపడతాయి. సూదితో పొడిచి లాగితే చిరుగు ఆ గీత దాకా వచ్చి ఆగిపోయింది. ఇంటి పెద్ద గుమ్మంలో నిలబడి "ఇక చాలు" అన్నట్టు.

బరువు తూయడానికి నా కాటా పనికిరాలేదు. నగల కొట్టాయన దగ్గరికెళ్ళాను. ముక్క పెడితే అంకె నిలవడంలేదు. ఆయన ఫ్యాను ఆపించాడు. ఇంకా ఊగుతోంది. "ఊపిరి బిగబట్టండి" అన్నాడు. ఇద్దరం బిగబట్టాం. అప్పుడు నిలిచింది. "ఏంటండీ ఇది?" అన్నాడు. "మా అక్క ఇల్లు" అన్నాను.

ఆ ముక్క చేత్తో పట్టుకుని రోడ్డు మీద నడిచొస్తుంటే మీసాలాయన గుర్తొచ్చాడు. ఆయన బతికుంటే ఈ మూల ఎత్తించేవాణ్ణి. భుజానికి తెలిసేది కూడా కాదు. ఇంతకాలం బరువు అమ్ముకున్నవాణ్ణి, ఇప్పుడు ఏమనుకోవాలో తోచడంలేదు.

నైలానే ఖాయం చేయమంటావా? రంగు ముదురాకుపచ్చ తెప్పిస్తా, మట్టి కనపడదు.

నీ తమ్ముడు

వదినా, నేను. గుడ్డ ముక్క చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. కొట్టుకొచ్చిన ప్రతివాడి చేతా ఊదిస్తున్నారు. నిన్న కరెంటు బిల్లు వాడి చేత కూడా ఊదించారు. త్వరగా తేల్చండి.


కొండ కింది ఊరు, అద్దె గది

తమ్ముడూ,

నైలానే. నువ్వు ఒక వస్తువుని ఇంతలా మెచ్చుకోవడం నేను వినలేదు. మరదల్ని చూడ్డానికి వెళ్ళొచ్చిన రోజు కూడా "పర్లేదు" అన్నావు.

ముదురాకుపచ్చ వద్దు. లేత రంగు కావాలి, ఎంత లేతగా ఉంటే అంత. జీవితమంతా ట్యూబులైట్ల కింద గడిపాను. బయట తెల్లారిందో పొద్దుగూకిందో గోడ గడియారం చెబితే తెలిసేది. అక్కడైనా తెల్లారితే తెల్లారినట్టు తెలియాలి.

ఇంకో మాట. నడక సంఘం వాళ్ళు తలా ఒక చేతికర్ర కొనుక్కుంటున్నారు, నన్నూ కొనమంటున్నారు. నేను కొనను. నా చెప్పుల చప్పుడు వింటే వార్డు మొత్తం సర్దుకుని కూర్చునేది. అలాంటిదాన్ని టకటకమని కర్ర పొడుచుకుంటూ పోవాలా? కర్ర పట్టిన మర్నాటి నుంచి బస్సులో లేచి సీటిస్తారు, ఆ తర్వాత చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు. పరదాని రాళ్ళకి కట్టుకునేలా కుట్టు. పైన రాళ్ళకి కరువులేదు.

నీ అక్క


టార్పాలిన్ కొట్టు, రేకుల షెడ్డు
పార్శిల్‌తో పాటు

అక్కా,

విప్పేముందు చేతిలో పెట్టి ఒకసారి ఊపి చూడు. లోపల ఏమీ లేదనిపిస్తే భయపడకు, ఉంది.

కుట్టిన కథ చెప్పాలి. నా మిషను ఎలాంటిదో ఎరుగుదువు, ఇనప దూలాన్ని పెట్టినా కుట్టేస్తుంది. ఈ గుడ్డని మొదటి కుట్టుకే నమిలి మింగింది. ఇంకో ముక్క పెట్టాను. అదీ మింగింది. నీ మరదలు వచ్చి, "చీమకి కోటు కుట్టడానికి గునపం పట్టుకొచ్చినట్టుంది" అని నా చేతిలోంచి లాక్కుని, పిల్లల గౌన్లు కుట్టే తన చిన్న మిషను మీద పెట్టింది. అక్కడా సుఖంగా సాగలేదు. బల్ల మీద పరిస్తే ఎవరూ ముట్టుకోకుండానే జారి కింద కూర్చుంటుంది. గుండుసూది గుచ్చకూడదు, గుచ్చితే ఆ బెజ్జం అలాగే ఉండిపోతుంది. ఇంట్లో ఉన్న బట్టల క్లిప్పులన్నీ పెట్టి పట్టుకున్నాం. ఉతికిన బట్టలు గాలికి పక్కింట్లో పడ్డాయి. నేను ఒక కొస పట్టుకుని, ఆవిడ ఒక కొస కుడుతూ, పెళ్ళయిన దగ్గర్నుంచి మేమిద్దరం అంతసేపు ఒకే పని చేయడం ఇదే మొదటిసారి. మధ్య కుట్టుకి నా మైనం డబ్బా తీశాను. మైనం అంటుకోనంది. సిలికాన్‌కి సిలికాన్ జిగురే అంటుతుందట. అదే తెచ్చి కుంచెతో పూశాం.

రంగు నువ్వన్నట్టే, పాలు విరిగిన నీళ్ళలా లేతగా ఉంది. నాకైతే నచ్చలేదు.

కర్ర సంగతి. రాళ్ళకి కట్టేలాగే కుట్టాలని చూశాను. నిలబడలేదక్కా. ఈ గుడ్డ తేలిక కదా, మధ్యలో ఊత లేకపోతే లేవదు. కాబట్టి పొడుగు పెంచి తగ్గించుకునే కర్ర ఒకటి కొను. నువ్వు దాన్ని చేతికర్ర అనుకోకు, డేరా గుంజ అనుకో. వీపున కట్టుకుంటే డాక్టరు లెక్క దాటుతుంది గనక చేత్తో పట్టుకెళ్ళు. అడిగినవాళ్ళకి గుంజ అని చెప్పు.

ఇక అసలు పాఠం, గుర్తుపెట్టుకో. పరదా వదులుగా కట్టు. తాళ్ళు బిర్రున లాగావా, తడిసినప్పుడు బిగుసుకుని మూలలు పీక్కుపోతాయి. లారీ ఎక్కే ప్రతి క్లీనరుకీ నేను మొదట నేర్పింది ఇదే. వానకి ముందు కొంచెం జోలలా వదిలెయ్, తడిస్తే అదే బిగుస్తుంది. నువ్వు ముట్టుకోనక్కర్లేదు.

చివరగా ఒకటి. నువ్వు మర్చిపోయి ఉంటావు. బడి నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. నీ పుస్తకాలకి చుట్టిన రబ్బరు షీటు విప్పి నా నెత్తిన వేశావు. పుస్తకాలు ముద్దయ్యాయి, ఇంట్లో నీకు వీపు చీరేశారు. సరుకు తడిపి మనిషిని కప్పావు. నేను పెద్దయ్యాక ఉప్పు కప్పాను, ఉల్లిపాయలు కప్పాను, సిమెంటు కప్పాను. మనిషి పడుకోవడానికి కుట్టడం ఇదే మొదలు. అందుకని రెండుసార్లు కుట్టించాను, నీ మరదలు తిట్టినా.

నీ తమ్ముడు


చివరి బస్సు ఆగే చోటు, టీ కొట్టు బల్ల మీద నుంచి
బయల్దేరే పొద్దున

తమ్ముడూ,

పరదా అందింది. కాగితం విప్పి చేతిలోకి తీసుకోగానే నా చెయ్యి దానంతటదే కింద నుంచి కాచింది, తల ఉందేమో అన్నట్టు. ఒకప్పుడు మా వార్డులో ఇంతే బరువున్న పిల్ల పుట్టింది. అందరూ చేతులు దులుపుకున్నారు. దూది చుట్టి ఛాతీకి కట్టుకుని తిరిగాను. ఆ పిల్ల ఇప్పుడు నా కంటే పొడుగు, రోడ్డు మీద కనపడితే స్కూటరు ఆపి చీవాట్లు పెడుతుంది, ఎండలో ఎందుకు తిరుగుతున్నావని. ఇంత బరువు ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు. కాబట్టి నా గురించి బెంగపడకు.

బెంగపడకు అన్నాను కదా, ఇప్పుడు చెబుతాను. ఆ నలుగురూ రావడంలేదు. ఒకాయనకి జలుబు, ఒకావిడకి మనవడు, మిగతా ఇద్దరికీ మబ్బు చూసి భయం. వారం క్రితమే తేలిపోయింది. నీకు ముందే రాస్తే పరదా ఇంట్లోనే ఉండిపోయేది. నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను. దారి బాగానే ఉందట, గొర్రెలు రోజూ నడుస్తాయట.

గుంజ కొన్నాను. నీ పాఠం గుర్తుంది. వదులుగా కడతాను.

ఏమైనా రాయాలంటే ఈ టీ కొట్టు చిరునామాకి రాయి. దిగొచ్చాక తీసుకుంటాను.

నీ అక్క


టార్పాలిన్ కొట్టు
వాన పడుతుండగా

అక్కా,

వదులుగా కట్టకు. బిగించి కట్టు. ఈ ఉత్తరం చేరేలోగా నువ్వు కొండెక్కేసి ఉంటావని తెలుసు. అయినా రాస్తున్నాను, రాయకపోతే ఏం చేయాలో తెలియడంలేదు.

మిగిలిన గుడ్డని నీ మరదలు పెరట్లో కుళాయి మీద కట్టింది, అంట్లు తోముకునేప్పుడు తడవకుండా. పొద్దున వాన మొదలైంది. చూస్తే ఆ గుడ్డ పొట్టలా వేలాడుతోంది. "కట్టడం రాదు నీకు" అని ఎగిరాను. గొడుగేసుకుని వెళ్ళి, తాళ్ళు వీణ తీగల్లా బిగించి వచ్చాను. టీ తాగి చూసేసరికి మళ్ళీ వేలాడింది. మళ్ళీ బిగించాను. మళ్ళీ వేలాడింది. అప్పుడు వానలో నిలబడిపోయాను.

నూలు తడిస్తే కుదించుకుంటుంది అక్కా, కాన్వాసు బిగుస్తుంది. నైలాను తడిస్తే సాగుతుంది. ఊదాను, పొడిచాను, చింపాను, నగల కాటా మీద తూచాను. తడిపి కొలిచి చూడాలని తోచలేదు. ఎందుకు తోచలేదంటే, తడిసిన పరదా బిగుస్తుందన్నది నాకు ఒక సంగతి కాదు, పొద్దున్నే తూరుపు ఎర్రబడటం లాంటిది. దాన్ని ఎవడు పరీక్షిస్తాడు?

అంతలో పోస్టాయన నీ ఉత్తరం ఇచ్చాడు. నలుగురూ రావడంలేదని.

ఫోన్ చేశాను, అందుబాటులో లేరంది. మళ్ళీ చేశాను. మోకాళ్ళు ముడుచుకుని వదులు పరదా కింద నువ్వు, దాని మీద నీళ్ళు నిండుతూ. ఆపై ఆలోచించలేను. బస్సెక్కి వస్తానంటే నీ మరదలు, "మీరెళ్ళి ఏం చేస్తారు, కొండ కింద నిలబడి బిగించు బిగించు అని అరుస్తారా?" అంది. తర్వాత తనే వెళ్ళి కుళాయి దగ్గర నిలబడి, ఆ గుడ్డకేసి చూస్తూ ఉండిపోయింది.

నీళ్ళు నిలవనివ్వకు. ఏదో ఒకటి చెయ్యి.

తమ్ముడు


చివరి బస్సు ఆగే చోటు, టీ కొట్టు
దిగొచ్చిన రోజు

ఒరేయ్ పిచ్చివాడా,

బతికే ఉన్నాను. ముందు ఇది చదివి నీళ్ళు తాగు, తర్వాత మిగతాది.

నీ ఉత్తరం ఇందాకే టీ కొట్టాయన ఇచ్చాడు. "బిగించి కట్టు" అన్న ముక్క చదివి నేను పకపకా నవ్వుతుంటే పాపం భయపడి ఇంకో టీ పోశాడు.

మధ్యాహ్నానికి సరస్సు చేరాను. అక్కడ ఏమీ లేదు, రాళ్ళూ నీళ్ళూ ఆకాశమూ. పక్షి అన్నది ఒక్కటీ లేదు. మోకాలు అప్పటికే వాచింది. ఒడ్డున చదును చూసుకుని, గుంజ నిలిపి, నీ పరదా కట్టాను. వదులుగా, నువ్వు చెప్పినట్టే, జోలలా. వాన మొదలైంది. కింద కూర్చుని పైకి చూస్తూ, ఇక బిగుస్తుంది, ఇప్పుడు బిగుస్తుంది అనుకుంటున్నాను. అది దిగుతోంది. నాకు కొత్త కదా, బిగిసే ముందు ఇలా దిగుతుందేమో అనుకున్నాను. నెత్తికి తగిలింది. అప్పుడు కూడా మా తమ్ముడు చెప్పాడు అనుకున్నాను, విన్నావా? చెంబెడు నీళ్ళు మధ్యలో నిలిచి, చల్లగా చెవి పక్కన ఊగుతుంటే అప్పుడు నిన్ను తిట్టాను. గట్టిగా, ఎవరూ లేరు కాబట్టి మా వార్డు భాషలో.

బయటికెళ్ళి తాళ్ళు బిగించే మోకాలు లేదు నాకు. చేతిలో ఉన్నది గుంజ ఒక్కటే. లోపల కూర్చునే దాని మర తిప్పి పొడుగు పెంచాను. పరదా లేచింది, నిలిచిన నీళ్ళు బుడుంగున అవతల పడ్డాయి. కాసేపటికి మళ్ళీ దిగింది. మళ్ళీ పెంచాను. అలా పొద్దుగూకేదాకా అది దిగడం, నేను ఎత్తడం. కాన్పు లాంటిదే, తొందరపడితే అవదు, వదిలేస్తే అవదు. కుట్టు మాత్రం ఒక్క చుక్క కారలేదు. మరదలికి చెప్పు, ఒక్క చుక్క. వాన తగ్గాక ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

ఇప్పుడు చెప్పేది ఎలా చెప్పాలో తెలియక ఇంకో టీ తెప్పించుకున్నాను.

మెలకువ వచ్చేసరికి పరదా నా మొహానికి జానెడు ఎత్తులో ఉంది. ఎర్రగా ఉంది. గుడ్డంతా వెలుగు, సూర్యుడు సరిగ్గా దాని అవతల లేస్తున్నాడు, ఒక్కో నీటిబొట్టూ కనపడుతోంది. లేవబోయాను, మోకాలు కదల్లేదు. పోనీలే అని పడుకున్నాను. అప్పుడు ఒక నీడ వచ్చింది. మెడ ముందు, తర్వాత రెక్కలు, తర్వాత తోక. గుడ్డ ఆ చివర నుంచి ఈ చివరకి, నా మొహం మీదుగా, చప్పుడు లేకుండా. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్క లేదురా. అవి సూర్యుడికీ నాకూ మధ్యగా సరస్సులోకి దిగుతున్నాయి. మొదట మసకగా వచ్చిన నీడలు దగ్గరయ్యేకొద్దీ తేటపడి, ఈకలు విడివిడిగా కనపడుతున్నాయి, దిగబోతూ కాళ్ళు ముందుకు చాపడం కనపడుతోంది. ఆ రెక్కల గాలికి పరదా లోపలికి నొక్కుకుని నా నుదుటిని తాకి, మళ్ళీ లేచేది. ఊపిరి పీల్చి వదిలే ప్రాణి లాగ. నేను చెయ్యి ఎత్తి గుడ్డకి ఆనించాను. అవతల ఒక నీడ నా అరచేతిలో నుంచి నడిచి వెళ్ళింది.

మొదటి బిడ్డని పట్టుకున్న రోజు నోరు తెరుచుకుని నిలబడిపోతే పెద్ద సిస్టరు చెయ్యి మీద కొట్టింది. మళ్ళీ అలా అవడం ఇప్పుడే. ఈసారి కొట్టేవాళ్ళు లేరు.

నువ్వు బిగించి కట్టమని సరిగ్గా చెప్పి ఉంటే అది నెత్తి మీద ఎక్కడో ఉండేది. నీ ముదురాకుపచ్చ వేసి ఉంటే నాకు చీకటి తప్ప ఏమీ కనపడేది కాదు. నేను లేచి, చెప్పులు వెతుక్కుని, మోకాలిని బతిమాలి బయటికొచ్చేసరికి ఎప్పటిలాగే తోక మిగిలేది. మొదటి పక్షి మెడ దగ్గర్నుంచి చూశాను తమ్ముడూ.

ఎండెక్కాక పరదా ఆరి, దానంతటదే కొంచెం బిగిసింది. నీ పాఠం తిరగేస్తే సరిపోతుంది. మెల్లగా బయటికి పాక్కుంటూ వచ్చాను. సరస్సు నిండా అవే. ఒక్కటీ లేచిపోలేదు.

కర్ర విషయం. ఆ రోజు పరదా మడిచేముందు నాకో అనుమానం వచ్చి రెండు రాళ్ళకి కట్టి చూశాను. గుంజ లేకుండా శుభ్రంగా నిలబడింది. అంటే నిలబడదని నువ్వు రాసింది అబద్ధం. నాకు కర్ర పట్టించడానికి అంత కోత కోశావు. మోకాలి కోసం గొర్రెల కాపరుల దగ్గర కొన్నాళ్ళు ఆగి ఆగి దిగాను, కర్ర దారంతా నా చేతిలోనే ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పకు.

నీ అక్క


టార్పాలిన్ కొట్టు వెనక, పెరడు

అక్కా,

నీళ్ళు తాగాను. తర్వాత చదివాను. తర్వాత నీ మరదలు చదివింది. "ఒక్క చుక్క కారలేదు" దగ్గర ఆగి, పైకి చదివింది. పోస్టాయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, ఆయనకి కూడా వినిపించింది.

కర్ర సంగతి నేనేమీ ఒప్పుకోను. గుడ్డ తేలిక, ఊత లేకపోతే లేవదు అని రాశాను. గుడ్డ గురించే రాశానని నువ్వు ఎందుకనుకున్నావో నాకు తెలియదు.

ఈ ఉత్తరం ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చెబుతాను. కుళాయి మీద గుడ్డ విప్పి పెరటి మధ్యలో కట్టాం, చీపురుకర్ర గుంజగా పెట్టి. ఇద్దరం కిందకి దూరాం. లోపలికి దూరేటప్పుడు ఎవరి మోకాలు ఎక్కువ చప్పుడు చేసిందో తేలలేదు. ఇన్ని పట్టాలు కుట్టి అమ్మాను గానీ, నేను కుట్టినదాని కింద నేను కూర్చోవడం ఇదే మొదలు. లారీ మీద పట్టా కింద ఉప్పుబస్తాకి ఎలా ఉండేదో ఇవాళ తెలిసింది.

కాసేపు ఏమీ రాలేదు. "రావండీ, మనకెక్కడొస్తాయి" అంది. అంతలో ఒక నీడ పడింది. ముక్కు ముందు, తర్వాత రెక్కలు, తర్వాత తోక. కాకి. గుడ్డ మీద వాలబోయి, జారి, తిట్టుకుంటూ ఎగిరిపోయింది. నీ మరదలు చెయ్యెత్తి అది వాలబోయిన చోట గుడ్డకి ఆనించి, అలాగే ఉంచింది.

ఇప్పుడు చినుకులు మొదలయ్యాయి. కాగితం మీద పడటంలేదు, చూడు. పరదా మెల్లగా దిగుతోంది. "కర్ర ఎత్తండి, నెత్తికి తగులుతుంది" అంటోంది నీ మరదలు.

రానీ, ఎంత దగ్గరికొస్తుందో చూద్దాం అన్నాను.

నీ తమ్ముడు